బిల్లు రాకముందే లెక్క చెప్పే నేస్తం కావాలి



మన రాంగోపాల్‌పేట్ నుంచి ప్యారడైజ్ మీదుగా పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నడిచి వెళ్ళని ఇంజనీరింగ్ విద్యార్థి మన వసతి గృహంలో ఉండడేమో! అక్కడ ఒక పాత కీబోర్డు కొనాలన్నా నాలుగు షాపులు తిరుగుతాం. ధర అడుగుతాం, బేరమాడతాం, జేబు తడిమి చూసుకుంటాం. ధర తెలియనిదే వస్తువు ముట్టుకోం. అంత జాగ్రత్త గల మనమే క్లౌడ్ నేర్చుకోవడానికి కూర్చున్నప్పుడు ముందు వాడుతున్నాం, నెల తిరిగాక ధర తెలుసుకుంటున్నాం. ఎందుకిలా?

క్లౌడ్ అంటే పెద్ద కంపెనీల కంప్యూటర్లను దూరం నుంచి గంటల లెక్కన అద్దెకు వాడుకోవడమే. అమెజాన్ 2006లో ఈ అద్దె వ్యాపారం మొదలుపెట్టింది. 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనే తన డేటా సెంటర్లను ప్రారంభించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోరుకునేవారు నేడు ఈ విద్య నేర్వక తప్పదు. నేర్వాలంటే చేతితో చేసి చూడాలి. చేసి చూడాలంటే డబ్బు భయం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా గదిలోని ఒక మిత్రుడు ప్రాజెక్టు కోసం ఒక కంపెనీ క్లౌడ్‌లో ఖాతా తెరిచాడు. కార్డు తండ్రిది. ప్రాజెక్టు అయిపోయింది, మార్కులు వచ్చాయి, సర్వరు మాత్రం ఆగలేదు. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు బ్యాంకు మెసేజ్ వచ్చింది. కూలి డబ్బులో నాలుగు వేలు పోయాయి. మొదటిసారి పొరపాటైతే ఆంగ్లంలో ఒక ఉత్తరం రాసి మాఫీ కోరవచ్చని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాడు ఖాతా మూసేశాడు, క్లౌడ్ చదవడమూ మానేశాడు. నాలుగు వేల కంటే ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆ బిల్లు ఒక పాఠం. మనకు అది చదువుకే అడ్డుకట్ట.

ఒక్క లెక్క చూడండి. అమెజాన్ క్లౌడ్‌లో నాట్ గేట్‌వే అనే భాగం ఉంది. లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కు కలుపుతుంది. పాఠం చూస్తూ ఒక్క క్లిక్కుతో దాన్ని పెట్టేస్తాం. అమెరికా తూర్పు ప్రాంతంలో దాని అద్దె గంటకు 0.045 డాలర్లు. వినడానికి ఎంత చిన్నది! నెలకు 730 గంటలు మరిచిపోతే 32.85 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా సుమారు 2,790 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 3,300. మన రాష్ట్రంలో 2024లో పెంచిన తరువాత కళాశాల వసతి గృహ విద్యార్థి మెస్ ఛార్జీ నెలకు 2,100 రూపాయలు. అంటే ఒక విద్యార్థి నెల భోజనం కంటే ఎక్కువ సొమ్ము, ఎవరూ వాడని గేటుకు పోతుందన్నమాట!

కంపెనీలు ఏమీ చేయలేదని అనను. 2025 జూలై 15 నుంచి అమెజాన్ కొత్త ఖాతాలకు ఉచిత ప్లాన్ ఇస్తోంది. 200 డాలర్ల వరకు క్రెడిట్లు, ఆరు నెలల గడువు. పెయిడ్ ప్లాన్‌కు మారనంత వరకు బిల్లు రాదు. మైక్రోసాఫ్ట్ కార్డు అడగకుండానే విద్యార్థులకు 100 డాలర్ల క్రెడిట్ ఇస్తోంది. ముందుగా వీటిని వాడుకోండి. అయితే క్రెడిట్లు అయిపోయి పెయిడ్ ప్లాన్‌కు మారిన రోజు సంగతేమిటి? బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవచ్చు. కానీ ఆ హెచ్చరిక మెయిల్ పంపుతుందే తప్ప తనంతట తాను సర్వరును ఆపదు. పైగా ఖర్చు లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా తెలుస్తుంది.

అందుకే కొత్తవారి కోసం ఒక కృత్రిమ మేధ ఏజెంట్‌ను తయారు చేసుకోవాలని నా సూచన. మాటలు చెప్పే యంత్రం కాదు, పని చేసే సహాయకుడు. అది ఎలా ఉండాలి?

మొదటిది, అది ముందు మన జేబు అడగాలి. "ఈ నెల ఎంత పెట్టగలవు?" అని తెలుగులో, రూపాయల్లో అడగాలి. ఏది మొదలుపెట్టబోయినా గంటకు ఎంత, నెలంతా మరిచిపోతే ఎంత అన్న రెండు అంకెలూ ముందే చెప్పాలి.

రెండవది, బిల్లు కోసం ఎదురుచూడకూడదు. ఏవేవి నడుస్తున్నాయో తానే చూసి లెక్క కట్టాలి. "తమ్ముడూ, సాయంత్రం నుంచి ఆ సర్వరు ఖాళీగా నడుస్తోంది, ఆపేయనా?" అని సీనియర్ అన్నలా అడగాలి. జవాబు రాకపోతే, రాత్రి మన గదుల్లో లైట్లు ఆర్పినట్లు, ముందుగా ఒప్పుకున్న వేళకు ఆపేయాలి. ఆపినా డిస్కు అద్దె పడుతూనే ఉంటుందని కూడా చెప్పాలి.

మూడవది, దాని అధికారానికి హద్దు ఉండాలి. చూడవచ్చు, ఆపవచ్చు. కొత్తది కొనకూడదు, అడగకుండా ఏదీ చెరిపేయకూడదు. డబ్బు కాపాడబోయి మన ప్రాజెక్టును చెరిపేస్తే ఏం లాభం? స్టోరు తాళం ఎవరికి పడితే వారికి ఇవ్వం కదా!

నాలుగవది, లెక్కలో ఊహలు పనికిరావు. ఏఐ ఒక్కోసారి లేని అంకెను కూడా ధీమాగా చెబుతుంది. కాబట్టి ధర కంపెనీ ధరల పట్టిక నుంచే రావాలి, కూడికను మామూలు ప్రోగ్రామే చేయాలి. ఏఐ పని దాన్ని అర్థమయ్యేలా వివరించడం. ఏఐని అడిగే ప్రతి ప్రశ్నకూ ఖర్చుందని మరువరాదు. రోజువారీ తనిఖీ చిన్న ప్రోగ్రాముకు వదిలి, తేడా కనిపించినప్పుడే ఏఐని పిలవాలి. లేకపోతే కాపలాదారు జీతమే దొంగతనాన్ని మించిపోతుంది!

"అన్నీ అదే చూసుకుంటే విద్యార్థి ఏం నేర్చుకుంటాడు?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఏజెంట్ ధర చెప్పే ముందు మనల్నే ఊహించమనాలి. మన ఊహకూ అసలు ధరకూ ఉన్న తేడాను నోటుబుక్కులో రాయించాలి. మూడు నెలలకు దాని అవసరమే లేకుండా చేయగలిగితేనే అది మంచి ఏజెంట్.

మిత్రులారా! ఫైనలియర్ అన్నలు ప్రాజెక్టు అంశం కోసం బయట వెతుకుతున్నారు. ఈ అంశం మన గదిలోనే ఉంది. నలుగురు కలిసి పూనుకుంటే ఒక సెమిస్టర్‌లో చిన్న నమూనా సిద్ధమవుతుంది. వచ్చే ఏడాది చేరే తమ్ముళ్ళకు అదే మన కానుక. రూపాయి సమస్యపై 1923లోనే గ్రంథం ప్రచురించిన డాక్టర్ అంబేద్కర్‌ను గౌరవించే మనకు రూపాయి లెక్క చిన్న విషయం కారాదు. పేద విద్యార్థికి కూడా తప్పు చేసి నేర్చుకునే అవకాశం ఉండాలి. ఆ తప్పు ఖరీదు ఇంటి కూలి డబ్బు కాకూడదు.