డబ్బా గుమ్మంలో పెట్టి రాకండి

మొన్న చలికాలంలో మా ఊళ్ళో ఒక అమ్మాయి ప్రసవించి రెండు నెలలైందని తెలిసి, వెల్లుల్లి కారప్పొడి, బీరకాయ కూర సర్దుకుని వెళ్ళాను. నిద్ర చెడగొట్టడం ఎందుకని సంచీ గుమ్మంలో పెట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు తెరుచుకుంది. భుజాన పసివాడు, కళ్ళ కింద నలుపు. "కూరలు ఫ్రీజర్ నిండా ఉన్నాయాంటీ, మీరు లోపలికొచ్చి కాసేపు కూర్చోండి" అంది. వాళ్ళమ్మగారికి అమెరికా వీసా రాలేదు. భర్తకు సెలవు అయిపోయింది. కాసేపటికి తల వంచుకుని, "వీడు నన్ను చూసి నవ్వుతున్నాడు, నాకేమో తిరిగి నవ్వే ఓపికే రావట్లేదు" అంది.

పథ్యం, నూనె నలుగు, వేన్నీళ్ళు, సాంబ్రాణి పొగ... ఇవన్నీ బాలింత ఒంటికోసమే అనుకుంటాం. కానీ ఆ పనుల వంకతో పుట్టింట్లో రోజంతా ఎవరో ఒకరు పక్కనుండేవారు. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి ఇంకో రెండు చేతులుండేవి. అక్కడ అంతా బాగుండేదనీ కాదు. ఆడపిల్ల పుడితే మూతివిరుపులు, తల్లి ఏడిస్తే దిష్టి తీయడాలు మనకు తెలియనివి కావు. అయినా సముద్రం దాటేటప్పుడు మనం పథ్యం తెచ్చుకున్నాం, తోడు వదిలేశాం. బాలింత కాయం కొరియర్‌లో వస్తుంది, మనిషి రాదు.

తల్లి తిరిగి నవ్వకపోతే బిడ్డ ఏం చేస్తుందో చూడటానికి అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో ఒక ప్రయోగం చేశారు. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోవాలి. బిడ్డ మొదట నవ్వుతుంది, ఊ కొడుతుంది, చేతులు చాస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుస్తుంది. దిగులు కమ్మిన తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఆ పిలుపుకు పలికే శక్తి ఉండదు. ట్రానిక్ పరిశోధనల్లోనే ఊరటనిచ్చే మాటా ఉంది. ఎంత ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలైనా చాలాసేపు ఒకరికొకరు తాళం తప్పుతూనే ఉంటారు. మళ్ళీ కలుసుకుంటూ ఉండటమే బంధాన్ని నిలబెడుతుంది.

పురుడైన తొలి రోజుల్లో ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. అమెరికాలో సుమారు ప్రతి 8 మంది బాలింతల్లో ఒకరికి ఈ దిగులు లక్షణాలు కనిపిస్తాయి. 1987లో ఎడిన్‌బరోలో దీన్ని గుర్తించడానికి తయారైన 10 ప్రశ్నల పత్రాన్ని ఇక్కడ పిల్లల డాక్టర్ల దగ్గరా ఇస్తుంటారు. పక్కన అత్తగారో భర్తో ఉన్నారని మన అమ్మాయిలు "బాగానే ఉన్నాను" అని టిక్ పెట్టేస్తారు. కాసేపు వాళ్ళను ఒంటరిగా వదలండి, నిజం రాయనివ్వండి. ఈ దిగులుకు కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి, పాలిచ్చే తల్లులు వాడదగ్గవీ ఉన్నాయి. తల్లుల కోసం జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1-833-852-6262 రాత్రీపగలూ పనిచేస్తుంది. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం క్షణం ఆగకుండా 911కి ఫోన్ చేయాలి.

సంక్రాంతికి హాలు నింపగల సంఘం మనది. పురుడు జరిగిన ఇంటికి వారానికొక మనిషిని పంపలేమా? వెళ్ళినవాళ్ళు బిడ్డ ఎవరి పోలికో తేల్చకముందే "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడగాలి.

ఆరోజు పసివాణ్ణి నేనెత్తుకుంటే ఆ అమ్మాయి తలారా స్నానం చేసి వచ్చింది. దిగులు స్నానంతో పోలేదు. కానీ మర్నాడు తనే ఫోన్ చేసి, "డాక్టరు దగ్గరికి నాతో వస్తారా ఆంటీ?" అని అడిగింది.

— సంపాదకురాలు