టాలెంట్ ఉంటే వాడే పైకొస్తాడా?

"టాలెంట్ ఉన్నోడు ఎక్కడ పుట్టినా పైకొస్తాడు, రిజర్వేషన్లు దేనికి?" స్టాఫ్‌రూముల్లో ఈ పాట మేము ఇరవయ్యేళ్లుగా వింటున్నాం. ఈమధ్య దీనికి ఫుట్‌బాల్‌ని సాక్ష్యం తెస్తున్నారు. ఫ్రాన్స్ జట్టు నిండా నల్లవాళ్లే, వాళ్లకెవడిచ్చాడు కోటా అంటున్నారు. సరే అయ్యలారా, ఆ దేశానికి ఆడిన ఒకణ్ణే తీసుకుందాం. గోల్స్ కొట్టే హీరోని కాదు, వెనకాల కాపలా కాసే డిఫెండర్ని. పేరు లిలియన్ తురాం.

1972లో గ్వాడెలూప్ దీవిలో పుట్టాడు. ఫ్రెంచివాళ్లు 1635లో ఆక్రమించి, ఆఫ్రికా బానిసలచేత చెరకు పండించిన దీవి అది. 1848లో బానిసత్వం రద్దయింది. చెరకు కొట్టే చేతులు కరువై 1854 నించి మన దక్షిణాది పేదల్ని ఓడలకెక్కించి అక్కడికి తోలుకుపోయారు. వాళ్లలో తమిళులే ఎక్కువ. తురాం తల్లి కూడా ఆ చెరకు తోటల్లో కష్టం చేసిన మనిషే. మగతోడు లేకుండా ఐదుగురు పిల్లల్ని సాకింది. ముందు తానొక్కతే పారిస్ దిక్కుకి పోయి, ఇళ్లల్లో పాచిపని చేసి, 1981లో పిల్లల్ని రప్పించుకుంది.

అప్పుడు తురాంకి తొమ్మిదేళ్లు. ఆ రోజుల్లో టీవీలో రెండు ఆవుల బొమ్మల కథ వచ్చేది. తెల్లావు తెలివైంది, నల్లావు మొద్దు. బళ్లో పిల్లలు వీణ్ణి ఆ నల్లావు పేరుతో పిలిచారు. తాను నల్లవాడయింది ఆ బళ్లోనే అని తురాం తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మనడిగితే, లోకం ఇంతే, మారదు అంది. మన అమ్మలు చెప్పే మాటే గదా! మరి మన పిల్లలు ఎన్నో క్లాసులో మాల అవుతున్నారు, మాదిగ అవుతున్నారు? హాజరుపట్టీ చేతబట్టి "ఎస్సీలు లేవండ్రా" అని కేకేసే పంతుళ్లు జవాబు చెప్పాలి.

ఇక టాలెంట్ సంగతి. ఫాంటెన్‌బ్లోలో వాణ్ణి ఆడించింది పోర్చుగల్ నించి వలసొచ్చినవాళ్లు పెట్టుకున్న క్లబ్బు. పొట్ట చేతబట్టుకొచ్చినోళ్లు పొట్ట చేతబట్టుకొచ్చినోళ్ల బిడ్డకి బంతి ఇచ్చారు. అక్కణ్ణించి మెలన్, ఆపైన మొనాకో. పెద్ద క్లబ్బులు కుర్రాళ్లకి శిక్షణ కేంద్రాలు నడపాలని ఫ్రాన్స్‌లో 1973లోనే కట్టడి చేశారు. అంటే తిండి, పడక, చదువు, మైదానం, నేర్పే మనిషి. ఇవన్నీ చేతికందాక బయటపడిందాన్ని టాలెంట్ అంటున్నారు మీరు! మొనాకోలో కోచ్ ఆర్సెన్ వెంగర్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడే కుర్రాణ్ణి వెనక్కి జరిపి డిఫెండర్ని చేశాడు. ఒకేడు చూసి పనికిరాడని తోసెయ్యలేదు. 1994 ఆగస్టులో దేశం తరఫున మొదటి మ్యాచ్, 1996లో ఇటలీలోని పార్మా క్లబ్బు.

ఆ 1996లోనే లె పెన్ అనే తెల్లజాతి దురహంకారి, బయటివాళ్లని తెచ్చి ఫ్రెంచి జట్టంటే ఎలా అని ఎత్తిపొడిచాడు. గ్వాడెలూప్ అప్పటికి మూడొందల అరవయ్యేళ్లుగా వాళ్ల ఏలుబడిలో ఉంది, అయినా తురాం బయటివాడే! 1998 జులై 8న ప్రపంచకప్ సెమీఫైనల్. క్రొయేషియా మొదటి గోల్ కొట్టింది, అందులో తురాం పొరపాటూ ఉంది. నిమిషంలోపే వాడే సమం చేశాడు, తర్వాత రెండోదీ కొట్టాడు. దేశానికాడిన 142 మ్యాచ్‌ల్లో వాడి గోల్స్ ఆ రెండే. ఆ రాత్రి మాత్రం వాడు అందరివాడు.

మెరిట్ వీరులు చెప్పని సంగతి ఇంకోటుంది. 2005లో హోంమంత్రి సర్కోజీ శివారు బస్తీల కుర్రాళ్లని అలగాజనం అన్నప్పుడు, నేనూ ఆ బస్తీలవాణ్ణే అని తురాం ఎదురు నిలబడ్డాడు. అప్పటికింకా దేశపు జెర్సీ ఒంటిమీదే ఉంది. 2008లో బళ్లల్లో జాత్యహంకారం మీద పాఠాలు చెప్పించేందుకు సంస్థ పెట్టాడు. కోటాలో ఉద్యోగమొచ్చాక ఇంటిపేరు మార్చుకు తిరిగే మనోళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

మన సంక్షేమ హాస్టళ్లలో ఎన్నింటికి ఆటస్థలం ఉంది? ఎన్నింటికి డ్రిల్లు మాస్టారున్నాడు? ఈ లెక్క ఊరూరా మనమే తీద్దాం, కలెక్టరు ముందు పెడదాం. హాజరుపట్టీ చూసి పిల్లల్ని కులం పేరుతో లేపే పద్ధతి ఆపాలని వచ్చే స్టాఫ్ మీటింగులో మేము రాతపూర్వకంగా ఇస్తున్నాం. మిగతా బళ్లల్లో ఉన్న మన టీచర్లు కూడా ఇవ్వండి.