మచ్చ వెనక నీలి వెలుగు

మంగు మచ్చలతో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లే ఆడవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటుంది. ‘రోజూ సన్‌స్క్రీన్ రాస్తూనే ఉన్నానండీ, అయినా తగ్గట్లేదు’ అని. సరిగ్గా రాయడం లేదేమో అంటారు డాక్టరు. ఎండలో తిరగడం మానట్లేదంటారు ఇంట్లోవాళ్లు. పాపం, ఆవిడ రాస్తూనే ఉంటుంది, గొడుగూ వేసుకుంటూనే ఉంటుంది. మరి లోపం ఎక్కడ? చాలాసార్లు ఆ ట్యూబులోనే!

ఎండ చర్మాన్ని పాడుచేస్తుందనగానే మనకు అతినీలలోహిత కిరణాలే గుర్తొస్తాయి. కానీ నేలను చేరే సూర్యరశ్మి శక్తిలో వాటి వాటా సుమారు 5 శాతమే. కంటికి కనిపించే వెలుగు 40 శాతానికి పైనే ఉంటుంది. ఊదా నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సులో మనం చూసే రంగులన్నీ అందులోవే. ఈ వెలుగు చూడ్డానికి పనికొస్తుంది తప్ప చర్మాన్ని ఏమీ చేయదని చాలాకాలం అనుకున్నారు.

నిజానికి అలా అనుకోకుండా ఉండాల్సింది. పుట్టగానే కామెర్లు వచ్చిన బిడ్డను కళ్లకు గంత కట్టి నీలి లైటు కింద పడుకోబెట్టడం మనలో చాలామంది చూసిందే. ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1956లో ఒక నర్సు దీన్ని గమనించింది. ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు తగ్గింది, దుప్పటి కప్పిన చోట అలాగే ఉంది. అక్కడి డాక్టర్లు 1958లో ఆ వైద్యాన్ని ప్రకటించారు. నీలికాంతి చర్మంలోకి వెళ్లి అక్కడున్న బిలిరుబిన్‌ను శరీరం బయటికి పంపగల రూపంలోకి మారుస్తుంది. లోపలికి వెళ్లి ఇంత పని చేసే వెలుగు చర్మకణాల్ని మాత్రం ఊరికే వదిలేస్తుందా?

వదిలేయదని 2010లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు చూపించారు. గోధుమ, నలుపు రంగు చర్మం ఉన్నవాళ్ల ఒంటిమీద కనిపించే వెలుగును మాత్రమే ప్రసరింపజేస్తే ఆ చోటు నల్లబడింది. ఆ నలుపు రెండు వారాలైనా పోలేదు. అదే వెలుగు తెల్లవాళ్ల చర్మంమీద పడితే నల్లబడనే లేదు. ఇప్పుడర్థమైందా, ఈ సంగతి ఇంతకాలం ఎందుకు మరుగున పడిందో! సన్‌స్క్రీన్ డబ్బామీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెను తేల్చేది కూడా లేత రంగు చర్మం ఎండకు ఎంతసేపటికి కందుతుందో చూసే. మన చర్మం కందడం కన్నా ముందు నల్లబడుతుంది. మన బాధ ఆ అంకెలో లేదు.

ఏ రంగు ఈ పని చేస్తోంది? ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 2014లో దీన్ని తేల్చారు. ఒకచోట ఊదాకు దగ్గరగా ఉండే నీలికాంతి, మరోచోట ఎర్రకాంతి వేశారు. ఎరుపు పడిన చోట నలుపు రాలేదు. నీలం పడిన చోట ఏర్పడిన మచ్చ కొందరిలో మూడు నెలల దాకా ఉండిపోయింది. (ముడతలకూ, జుట్టుకూ అంటూ అమ్మే ఎర్రలైటు మాస్కుల కథ వేరే. అది ఇంకోసారి.)

మూడు నాలుగేళ్లకు అదే నగరంలో కారణం కూడా దొరికింది. కంటిలో వెలుగును పట్టుకునేవి ఆప్సిన్లనే ప్రొటీన్లు. ఆ కుటుంబానికే చెందిన ఆప్సిన్-3 చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల్లో ఉంటుంది. నీలికాంతి తగలగానే ఇది కణాన్ని మేల్కొలిపి మెలనిన్ తయారుచేయిస్తుంది. ముదురు రంగు చర్మంలోనైతే మెలనిన్ చేసే ఎంజైములు గుంపు కట్టి, వెలుగు ఆగాక కూడా పని కొనసాగిస్తాయి. ఒకరకంగా మన చర్మానికీ కళ్లున్నట్టే, కాకపోతే అవి నీలాన్ని చూసి నల్లబడే కళ్లు.

ఇక మళ్లీ ట్యూబు దగ్గరికొద్దాం. దుకాణంలో మనం ఏం అడుగుతాం? ‘రాసుకుంటే తెల్లగా కనబడకూడదు’ అని. కంపెనీలు అలాగే చేసిచ్చాయి. కంటికి కనిపించని పొర అంటే, కనిపించే వెలుగును ఆపకుండా పోనిచ్చే పొరేగా! అతినీలలోహిత కిరణాల్ని అది ఆపుతుంది. నీలం మాత్రం హాయిగా లోపలికెళ్తుంది.

ఆపాలంటే పొరకు రంగుండాలి. ఆ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. అంటే ఇనుము తుప్పు! గోడలకూ గడపలకూ పూసే జాజుకు ఎరుపునిచ్చేదీ అదే. (అలాగని జాజు తెచ్చి మొహానికి పూసుకోకండి, అందులో ఏ మట్టి ఉందో ఎవరికి తెలుసు!) మెక్సికోలో మంగు ఉన్నవాళ్లకు ఒకే మందు ఇచ్చి, సగంమందికి మామూలు సన్‌స్క్రీన్, సగంమందికి ఐరన్ ఆక్సైడ్ కలిసినది ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత రెండోవాళ్లకే ఎక్కువ తగ్గింది. ఆ ఫలితాలు 2014లోనే వచ్చాయి. మన ఇళ్లకు ఆ కబురు సరిగ్గా చేరలేదంతే.

ఫోన్ సంగతీ చెప్పాలి, అందరూ అడిగేది అదే కదా. తెరలోని నీలికాంతి నుంచి కాపాడతామంటూ క్రీములు అమ్ముతున్నారు. తెర నుంచి వచ్చే నీలం ఎండలోని నీలంతో పోలిస్తే చాలా చాలా తక్కువ. తెరల వెలుగు మంగును పెంచుతుందేమోనని ఫ్రెంచివాళ్లు పరీక్షిస్తే పెరగలేదని 2020లో తేలింది. ఆ డబ్బు మిగుల్చుకోండి. ఫోన్ కన్నా కిటికీని పట్టించుకోవాలి. గాజు అద్దం చర్మాన్ని కందించే కిరణాల్ని చాలావరకు ఆపుతుంది కానీ వెలుగును ఆపదు. అద్దం పక్కన రోజంతా కూర్చునే ఉద్యోగం అయితే, సీటు మార్చుకోవడమో కర్రెను దించుకోవడమో చేయాలి.

మంగుకు పక్కింటావిడ చెప్పిందనో, మందుల షాపులో ఇచ్చారనో స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసేవాళ్లున్నారు. మొదటి నెల మచ్చ పలచబడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, మొహం ఎర్రబడుతుంది, ఆపితే మచ్చ మళ్లీ వస్తుంది. గర్భిణులైతే ఏ మచ్చల మందూ డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు డబ్బా ముందువైపు రాతల్ని వదిలేసి వెనక్కి తిప్పండి. ‘ఐరన్ ఆక్సైడ్స్’ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అంకెలు గానీ ఉన్నాయేమో చూడండి. ఎరుపు, పసుపు, నలుపు ఆక్సైడ్లకు వరుసగా అవే గుర్తులు. మీ చాయకు దగ్గరగా ఉండే రంగునే ఎంచుకోండి, లేతరంగు తీసుకుంటే బూడిద పూసినట్టుంటుంది. ఎండలోకి వెళ్తే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. దానితోపాటు తాతల నాటి నల్లగొడుగు కూడా పట్టండి, ఏ రంగునూ లోపలికి రానివ్వదు.