హమ్మింగ్ ఆగింది సరే, ఎర్త్ ఏదీ?

పోయిన రంజాన్‌లో చీమకుర్తిలో ఒక మస్జిద్‌కి ఇఫ్తార్‌కి వెళ్లాను. మౌజన్ సాబ్ వజూ చేసుకొని, తడి చేతులతోనే అజాన్‌కి మైకు పట్టుకున్నాడు. పట్టుకోగానే "యా అల్లాహ్" అంటూ చెయ్యి విదిలించాడు. తర్వాత రుమాలు చుట్టి పట్టుకొని అజాన్ ఇచ్చాడు. నమాజ్ అయ్యాక అడిగితే నవ్వాడు. "ఎప్పుడూ ఉండేదే భాయ్, కొంచెం చురుక్కుమంటది."

నాకు నవ్వు రాలేదు. వెళ్లి ఆంప్లిఫైయర్ ప్లగ్గు చూశాను. మూడు పిన్నుల్లో లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, లేదు. జుమా ఖుత్బాలో హమ్మింగ్ వస్తోందని మైకు సెట్ అతను దాన్ని తీసేశాడట. ఆ రోజు నుంచి ఆవాజ్ సాఫ్‌గా ఉందని కమిటీ వాళ్లు ఖుష్.

ఆ ఇలాజ్ నాకు కొత్త కాదు. మా మామూకి మైకు సెట్ ఉండేది. షాదీలకూ ఉర్సులకూ ఆయన వెంట తిరిగేవాణ్ణి. గాజు వాల్వులు ఎర్రగా వెలిగే పాత ఆంప్లిఫైయర్, దానికి రెండు పిన్నుల ప్లగ్గు. ఘూం అని మోత వస్తే ప్లగ్గు పీకి తిరగేసి పెట్టేవాడు. ఏ వైపు మోత తక్కువుంటే ఆ వైపే ఖాయం. 1960ల నాటి అమెరికా గిటార్ ఆంప్లిఫైయర్లలోనూ ఇదే కహానీ. వాటికీ రెండు పిన్నులే. హమ్మింగ్ తగ్గించడానికి కరెంటు లైనుకీ ఇనుప డబ్బాకీ మధ్య ఒక కండెన్సర్ పెట్టేవారు. అది షార్టయితే డబ్బాకి కరెంటొచ్చి, గిటార్ తీగల దాకా పాకుతుంది. మెకానిక్‌లు దానికి పెట్టుకున్న పేరు 'డెత్ క్యాప్'. మౌత్ కా కండెన్సర్!

1972 మే 3న స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజీ మీదే ఎర్త్ సరిగా లేని మైకు తాకి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటార్ వాయిస్తూ పోయాడు. అక్కడా ఎర్త్ ఖరాబే. వాళ్లు మనలాగా వజూ చేసి మైకు ముందు నిలబడేవాళ్లు కూడా కాదు. మన మౌజన్ సాబ్‌కి అయిదు పూటలా తడి చేతులు, తడి కాళ్లు.

అసలు హమ్మింగ్ ఎందుకొస్తుంది? పాత సెట్టయితే మొదటి అనుమానం ఫిల్టర్ కండెన్సర్ల మీదే. ముప్ఫై, నలభై ఏళ్లకి అవి ఎండిపోతాయి, 100 సైకిళ్ల మోత మొదలవుతుంది. కండెన్సర్ మార్చడమే దానికి ఇలాజ్, ఎర్త్‌తో పని లేదు. (వాల్వు సెట్టయితే ఇంట్లో విప్పకండి. స్విచ్ ఆపినా లోపల 300, 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.) రెండోది 50 సైకిళ్ల మోత. ఆంప్లిఫైయర్ ఒక గోడ సాకెట్‌లో, మిక్సర్ ఇంకో గోడ సాకెట్‌లో పెడతారు. రెండు ఎర్త్ వైర్లూ, మధ్యలో ఆడియో వైరు పైనుండే జాలీ కలిసి చుట్టులా తయారవుతాయి. ఆ చుట్టులో తిరిగే కరెంటే మనకు వినపడేది. ఎర్త్ పీకితే చుట్టు తెగి మోత ఆగేది నిజమే. కానీ మైకు బాడీ ఆ జాలీ ద్వారా ఆంప్లిఫైయర్ డబ్బాకి కలిసే ఉంటుంది. ఎప్పుడైనా లోపల వైరు డబ్బాకి తగిలితే 230 వోల్టులు మౌజన్ సాబ్ ఒంటి గుండా దిగే ప్రమాదం ఉంది.

మిక్సర్, ఆంప్లిఫైయర్ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలావరకు మోత పోతుంది. పోకపోతే వాటి మధ్య ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాలి. గోడ ఎర్త్ జోలికి మాత్రం పోకూడదు.

మనకు ఇంకో మసలా ఉంది. చీమకుర్తి అంటేనే గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ. కిందంతా బండ ఉన్నచోట ఎర్త్ బాగా దొరకదు. ఎర్త్ రెసిస్టెన్స్ 20 ఓములుంటే పారేది పదకొండున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఫ్యూజు పోదు, డబ్బాలో కరెంటు అలాగే ఉంటుంది. అందుకే ఎర్త్ గుంతతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అంత కొంచెం లీకయినా టప్పున ఆపేస్తుంది.

రంగులకీ, కార్పెట్‌కీ, కొత్త హారన్లకీ చందా అడిగే కమిటీలు గుంతకి ఎందుకు అడగవు? కనపడదు కాబట్టి. గుంత మీద దాత పేరు రాయలేం కదా! నా రాయ్ ఇది: కొత్త ఆంప్లిఫైయర్ వాయిదా వేయండి, ముందు ఎర్త్ చేయించండి. మౌజన్ సాబ్ జాన్ కమిటీ చేతుల్లో ఉన్న అమానత్.

ఆ మస్జిద్‌లో బక్రీద్ తర్వాత గుంత తవ్వించారు. మొదట తవ్విన చోట మూడడుగులకే బండ తగిలింది. వజూ నీళ్లు పోయే వైపు తవ్వితే లోతు దొరికింది. బొగ్గు, ఉప్పు వేసి పైపు దించారు. ఆ నీళ్లతో ఎండాకాలంలోనూ తడి ఉంటుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు. మౌజన్ సాబ్ మాత్రం ఇంకా రుమాలు చుట్టే మైకు పట్టుకుంటున్నాడు.