బాడుగ యింటి గడప

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉద్యోగం కొరకు ఊరు విడువక తప్పని ఈ కాలంలో, బాడుగ యిల్లు వెదకి చూడు అని మూడవ మాటను గూడ చేర్చుకోవలసి ఉన్నది. ఆ వెదుకులాట అందరికీ కష్టమే. బాడుగ ఎక్కువ, నీళ్లు తక్కువ, బడి దూరం, ఆఫీసు మరింత దూరం. కాని ఈ దేశంలో కొందరికి ఈ చిక్కులన్నీ తీరిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. చేతిలో జీతం ఉన్నది, అడ్వాన్సు సిద్ధంగా ఉన్నది, ఇల్లు ఖాళీగానే ఉన్నది; అయినా తాళంచెవి చేతికి రాదు. చదువుకొని, ఉద్యోగం సంపాదించుకొని పట్టణానికి వచ్చిన దళిత యువకుడు ఏ పేటలో, ఏ యింట కాపురం పెట్టగలుగుతున్నాడనే ప్రశ్నను ఇక్కడ కొంత విచారిద్దాం.

అనంతపురం దేశంలోనే మిక్కిలి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటు యిటుగా కురిసే వానను నమ్ముకొని, ఎర్రనేలలో వేరుసెనగ విత్తి, ఆకాశం వంక చూచే సేద్యం ఇక్కడిది. నేల లేనివారికి, ఉన్నా ఒకటి రెండెకరాల మెట్టకు మించనివారికి, చదువే సేద్యం. కంబదూరు, కుందుర్పి, కళ్యాణదుర్గం వైపు పల్లెలలో తమ యింటికి మొదటి పట్టభద్రులైన పిల్లలు అనంతపురానికి, అక్కడి నుండి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగుళూరుకు, మరి కొందరు హైదరాబాదుకు పోతున్నారు. బ్యాంకులలో, ఆసుపత్రులలో, కళాశాలలలో, సాఫ్టువేరు కంపెనీలలో పని చేస్తున్నారు. బడిలో మనం వారికి చెప్పినది ఒక్కటే: చదువుకో, ఉద్యోగం సంపాదించు, తక్కిన గౌరవాలు వాటంతట అవే వస్తాయి అని. ఆ మాటలో సత్యమెంతో బాడుగ యింటి గడప దగ్గర తేలిపోతున్నది.

పూర్వం పల్లెలో వెలి కంటికి కనిపించేది. ఊరు ఒకచోట, వాడ ఒకచోట; నడుమ ఒక వంకో, చేనో, బయలో. పట్టణంలో అట్టి గీత నేల మీద లేదు. అది సంభాషణలో ఉన్నది. "ఏవూరప్పా మీది?" అన్నది మొదటి ప్రశ్న. అందులో తప్పేమీ లేదు. "ఊర్లో ఏ పక్క మీ యిల్లు? ఇంటిపేరేమి? మీ నాయన ఏం జేస్తాడు?" అన్నవి తరువాతవి. అప్పటికీ అంతు తేలకుంటే "మీరేమోళ్లు?" అని సూటిగా అడిగేవారు గూడ ఉన్నారు. నాగరికులు అంత మొరటుగా అడగరు, "మాంసం తింటారా?" అని మాత్రం అడుగుతారు. జవాబు విన్న తరువాత ఎవరూ తిట్టరు, కసరరు. "మా తమ్ముని కొడుకు వస్తానన్నాడు నాయనా, వాళ్లకు మాట ఇచ్చినాము" అని నవ్వుతూనే సాగనంపుతారు. వారం గడచినా "ఇల్లు బాడుగకు ఇవ్వబడును" అనే పలక ఆ గేటుకు వ్రేలాడుతూనే ఉంటుంది.

ఈ మర్యాదకు నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలోను, లండనులోను చదివినవారు. అంతటి విద్యావంతునికి ఆ నగరంలో ఉండడానికి ఒక గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని తలదాచుకోవలసి వచ్చినది. పదునొకండవ దినాన కర్రలు చేతబట్టిన గుంపు వచ్చి ఖాళీ చేయమన్నది. ఆ పూట ఆయన ఆశ్రయించిన మిత్రులిద్దరిలో ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. వారు కర్రలు ఎత్తలేదు; ఇంటి యిబ్బందులు చెప్పి తప్పుకొన్నారు. ఒక ఉద్యానవనంలో ప్రొద్దు గడిపి, రాత్రి బండికి ఆయన బొంబాయికి వెళ్లిపోయినారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే స్వీయకథనంలో ఈ సంగతి ఆయనే వ్రాసినారు. కర్రలు పట్టినవారి కాలం పట్టణాలలో చాలవరకు గడచినది. ఆ మిత్రుల కాలం ఇంకా గడవలేదు.

ఇది మన దేశానికి మాత్రమే పట్టిన తెగులు కాదు. అమెరికాలో తెల్లవారి పేటలలోని ఇండ్లను నల్లజాతివారికి అమ్మరాదని, బాడుగకు ఇవ్వరాదని దస్తావేజులలోనే షరతులు వ్రాసుకొనేవారు. అట్టి షరతులను న్యాయస్థానాలు అమలు జరపరాదని అక్కడి సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. షరతు పోయినా దాని వెనుకనున్న మనసు పోలేదు. లొరెయిన్ హాన్స్‌బెర్రీ అనే నల్లజాతి రచయిత్రి 1959లో ప్రదర్శింపబడిన "ఎ రైజిన్ ఇన్ ది సన్" నాటకంలో దానినే చూపినది. షికాగోలో ఒక నల్లజాతి కుటుంబం తెల్లవారి పేటలో ఇల్లు కొంటుంది. పేట సంఘం తరపున వచ్చిన మనిషి కోపపడడు. మీరు రాకుండ ఉంటే మీరు పెట్టినదానికంటె ఎక్కువ సొమ్ము ఇస్తామని మెత్తగా చెప్పుతాడు. రచయిత్రి తండ్రి స్వయంగా అట్టి షరతు మీద పోరాడి 1940లో సుప్రీంకోర్టులో గెలిచినవాడు. ఆ కుటుంబానుభవం నాటకం వెనుక ఉన్నది. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ అదే నగరంలో ఇండ్ల హక్కు కొరకు ఉద్యమం నడిపినారు. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్య జరిగినది. వారం దినాలకు, ఇండ్ల అమ్మకంలోను బాడుగలోను జాతిభేదం చూపరాదనే చట్టం వచ్చినది. ఆ చట్టం వచ్చిన తరువాత గూడ, మంచి జీతం గల నల్లజాతి యువకుడు కొత్త నగరంలో ఇల్లు వెదకేటప్పుడు ఆఫీసు ఎంత దూరమని మాత్రమే గాక, ఆ వీధిలో తనను ఎట్లు చూస్తారని గూడ ఆలోచించుకోవలసి వస్తున్నది.

మరి మన చట్టాల సంగతి ఏమిటి? రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 15వ అధికరణం అంగళ్లలోను, హోటళ్లలోను, ప్రజల కొరకు ఏర్పడిన బావుల దగ్గర, చెరువుల దగ్గర, దారులలోను కులభేదం చూపరాదన్నది. నేడు పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పిలువబడే 1955 నాటి చట్టం, ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడానికి, పొందడానికి, అందులో ఉండడానికి అంటరానితనం పేరిట అడ్డు తగలడం నేరమని 4వ సెక్షనులో చెప్పినది. కాని "మాట ఇచ్చినాము నాయనా" అనే వాక్యాన్ని పట్టుకోవడం ఎట్లు? సోమవారం ఉద్యోగంలో చేరవలసినవాడు ఆదివారమంతా పోలీసు స్టేషనులో కూర్చుంటాడా, మరొక వీధి వెదకుతాడా? 2005లో అహమ్మదాబాదులోని పార్సీల గృహనిర్మాణ సహకార సంఘం వ్యాజ్యంలో, తమ మతస్థులకే సభ్యత్వమనే నిబంధన చెల్లుతుందని మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2021లో కేంద్రప్రభుత్వం రాష్ట్రాలకు పంపిన మాదిరి అద్దె చట్టం, నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదన్నది. కులం కారణంగా ఇల్లు నిరాకరించరాదని మాత్రం అనలేదు.

ఇదంతా ఒకరిద్దరి మనోవేదన మాత్రమేనేమో అనే సందేహం రావచ్చు. 2012లో సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీలోను, దాని చుట్టుపట్ల పట్టణాలలోను ఒక పరీక్ష చేసినారు. తక్కిన అర్హతలన్నీ సమానంగా ఉంచి, పేరును బట్టి మాత్రం అగ్రకులమో, దళితకులమో, ముస్లిం మతమో తెలిసేటట్లు ఇండ్ల యజమానులకు టెలిఫోను చేయించినారు. అగ్రకులపు పేరును కాదన్నవారు లేరనే చెప్పవచ్చు. దళితుల పేర్లకు నూటికి సుమారు 18, ముస్లిముల పేర్లకు సుమారు 31 చోట్ల నిరాకరణ ఎదురైనది. షరతులు పెట్టి ఒప్పుకొన్నవారు వేరే. ఈ ఫలితాలు 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రకటితమైనవి. అదే పత్రికలో 2012లో త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ వ్రాసిన వ్యాసం ఉన్నది. 2001 జనాభా లెక్కలను పరిశీలించి, హైదరాబాదు, బెంగుళూరులతో సహా ఏడు మహానగరాలలో కలిమిలేములను బట్టి కంటె కులాన్ని బట్టియే పేటలు ఎక్కువగా విడివడి ఉన్నవని వారు తేల్చినారు. డబ్బు వస్తే అన్నీ సర్దుకొంటాయనే వారు ఈ మాటను ఒకటికి రెండుసార్లు చదువుకోవలె.

మన కరువునేలలో ఈ ప్రశ్నకు మరొక ముడి ఉన్నది. అది నీరు. ఇక్కడ ఇల్లు చూడబోయినవాడు గదులు లెక్కించక ముందే బోరులో నీళ్లున్నవా, కుళాయి ఎన్ని దినాలకొకసారి వస్తుంది, సంపు ఎంత లోతు అని అడుగుతాడు. రాజ్యాంగం వ్రాసిననాడు నీరు ఊరబావిలో ఉండేది. కనుక ఆ బావిని పేరు పెట్టి మరీ అందరిదీ చేసినారు. నేడు ఆ నీరు ప్రహరీగోడ లోపల బోరులో, సంపులో, మిద్దె మీది ట్యాంకులో ఉన్నది. మిద్దె మీద బాడుగకున్నవాడు, క్రింద కాపురమున్న యజమాని ఒకే సంపు నీళ్లు వాడుకోవలె. ఇల్లు ఇవ్వడానికి వెనుకాడే మనసులో ఈ నీళ్ల పొత్తు గూడ ఒక మూల లేదని ఎవరనగలరు? ఊరబావి గట్టు మీద ఓడిపోయిన ఆచారం సంపు మూత దగ్గర బ్రతికి ఉన్నది.

దీని ఫలితంగా ఆ యువకుడు పేటను ఎన్నుకొనేది బాడుగను బట్టి, దూరాన్ని బట్టి కాదు; కులం అడగని చోటును బట్టి. ముందు వచ్చిన అన్నల దగ్గర యజమానుల ఫోను నంబర్లు తీసుకొంటాడు. బెంగుళూరులో మారతహళ్లి వంటి చోట్ల పీజీలనే వసతిగృహాలలో మంచం బాడుగకు తీసుకొన్నంతకాలం చిక్కు తక్కువ. పెండ్లయి, తల్లిదండ్రులను తెచ్చుకోవలసిన నాడు ప్రశ్నలు మొదలవుతాయి. కొందరు ఊరికి దూరంగా, హెచ్చు బాడుగకు పోతారు. కొందరు ఇంటిపేరును పొడి అక్షరానికి కుదించుకొంటారు. పల్లె నుండి తల్లి వస్తే ఆమె పక్కింటివారితో ఏమి మాట్లాడుతుందోనని బెదరే కొడుకులున్నారు. కన్నతల్లి మాటకు భయపడవలసిన స్థితి కంటె హీనమైన బాడుగ మరొకటి ఉండదు. తమవారున్న పేటలోనే ఇష్టపడి ఉండేవారు గూడ లేకపోలేదు. చుట్టాలు, చర్చి, పలకరింపులు అక్కడ ఉన్నవి. అందులో తప్పు లేదు. వేరొక దారి గూడ తెరచి ఉన్నప్పుడే దానిని ఇష్టమనగలం.

ఇల్లు నాది, నా యిష్టం వచ్చినవారికి ఇచ్చుకొంటానని యజమాని అనవచ్చు. హోటలు గూడ ఒకరి సొత్తే. అయినా కులం అడిగి కూడు పెట్టే హక్కు దాని యజమానికి లేదని మనమంతా ఒప్పుకొన్నాము. వీధిలో పలక కట్టి బాడుగ తీసుకొనే యిల్లు గూడ వ్యాపారమే. ఇక ఆహారం మాట. ఇంటిలో మాంసం వండరాదని షరతు పెట్టి, దానికి ఒప్పుకొన్న ప్రతివారికీ ఇల్లు ఇచ్చేవానితో వాదించవచ్చు గాని, వానిది కులభేదమని వెంటనే అనలేము. వండనని ఒప్పుకొన్న తరువాత గూడ ఇంటిపేరు అడిగేవాని అభ్యంతరం కూర మీద కాదు.

2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వసతిగృహం నుండి బహిష్కృతులైన అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు పరిశోధకులు ఆరుబయట గుడారం వేసుకొని, దానికి వెలివాడ అని పేరు పెట్టినారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకొన్నాడు. పాతదనుకొన్న మాట ఒక విశ్వవిద్యాలయం నడుమ మళ్లీ పలుకవలసి వచ్చినది. మనవారు సముద్రాలు దాటినా ఈ సమస్య వెంటనే వచ్చినది. తెలుగువారు విస్తారంగా ఉన్న సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో ఉద్యోగాలలో, ఇండ్లలో కులభేదం చూపరాదని శాసనం చేసినది; కాలిఫోర్నియా శాసనసభ చేసిన అట్టి బిల్లును అదే యేడు అక్టోబరులో గవర్నరు త్రోసిపుచ్చినాడు.

చట్టం మారవలె, మాదిరి అద్దె చట్టంలో లేని ఆ ఒక్క వాక్యాన్ని రాష్ట్రాలైనా చేర్చవలె. కాని చట్టం కోసం వేచి ఉండనక్కరలేని పని ఒకటి ఉన్నది. మన పట్టణాలలో బాడుగ యిండ్లు కట్టుకొన్నవారిలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విశ్రాంత ఉద్యోగులు తక్కువమంది కారు. పగలు తరగతిలో సమత్వపాఠం చెప్పిన నోరే సాయంకాలం గేటు దగ్గర ఇంటిపేరు అడిగితే, ఆ విద్యార్థి ఏ పాఠాన్ని నమ్మవలె? ఏమి పని చేస్తావు, ఎందరుంటారు, బాడుగ ఏ తేదీకి ఇస్తావు - ఈ మూడూ అడిగే హక్కు యజమానికి ఉన్నది. నాలుగవ ప్రశ్న అడగకుండ ఉండడానికి జీవో అవసరం లేదు, ఖర్చు లేదు. అపార్టుమెంటు సంఘాలు ఆ మేరకు ఒక తీర్మానం చేసుకోవచ్చు. రేపు పెద్ద నగరాలకు పోయి నలుగురు కలసి ఇల్లు తీసుకోబోయే విద్యార్థులు, ఆ నాలుగవవానిని కులం చూడక చేర్చుకోవచ్చు. మనం చదువు చెప్పి పంపిన పిల్లలకు పట్టణంలో తలుపు తీయవలసినవారు ఎక్కడివారో కారు. మనమే.