మందు వేసిన గేదె పాల నష్టం ఎవరు భరించాలి?

తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో కౌలు రైతు చేతికి వడ్ల డబ్బు ఏడాదికోసారి వస్తుంది, అదీ తుపాను కనికరిస్తేనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. అలాంటి ఏడు ఇల్లు గడిచేది పాల బిల్లుతోనే. పది, పదిహేను రోజులకోసారి వచ్చే ఆ డబ్బుతోనే కిరాణా బాకీ తీరుతుంది, పిల్లల ఫీజు కడతారు. కాబట్టి ఇక్కడ గేదె ఆరోగ్యం గురించి మాట్లాడటమంటే ఇంటి ఆదాయం గురించి మాట్లాడటమే. పాలు కొనే డెయిరీలకూ అందులో బాధ్యత ఉంది.

పొదుగువాపునే తీసుకోండి. డెల్టా నల్లమట్టిలో వానాకాలమంతా కొట్టం ఆరదు. పాలు పితికాక చనుమొన రంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది. గేదె వెంటనే ఆ బురదలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. పొదుగు గట్టిపడి కాలుతుంది, పాలలో తరకలు పడతాయి. డాక్టరు చన్నులోకి ట్యూబు ఎక్కించి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేస్తాడు. ఆ తర్వాత ఎన్నాళ్లు పాలు వాడకూడదో మందు మీద రాసి ఉండాలి. రాయని మందుకు కనీసం 7 రోజులు ఆగాలని 2012 నుంచి నిబంధన ఉంది. రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే గేదె విషయంలో అది 56 లీటర్లు. పారబోయమని చెప్పడం తేలికే. ఆ డబ్బు మీదే బతికే మనిషి ఏం చేస్తుంది? బాగున్న చన్నుల పాలు క్యానులో కలుపుతుంది. లేదంటే రెండో రోజు వాపు తగ్గగానే మందు ఆపేస్తుంది. సగంలో ఆగిన వైద్యం వల్ల క్రిములు మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది, అవి మనుషులకూ పాకవచ్చు. కాచుకుంటే సరిపోతుందని చాలామంది నమ్మకం. కాచితే క్రిములు చస్తాయి గానీ, మందు అవశేషాలు చాలావరకు అలాగే ఉంటాయి.

జాతీయ ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటాయి. వందకు ఒకటే కదా, ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. వందల ఇళ్ల పాలు ఒకే ట్యాంకరులో కలిసి పలచబడ్డాక కూడా పరిమితి దాటితే, ఎక్కడో ఒక క్యానులో మందు ఎంత చిక్కగా ఉందో ఊహించండి. పైగా అలాంటి పాలతో పెరుగు సరిగా తోడుకోదు. డెయిరీకి అది నేరుగా నష్టం.

అందుకే, పశువైద్యుడి చీటీ తెచ్చిన రైతుకు పాలు వాడకూడని రోజుల డబ్బు డెయిరీయే చెల్లించాలి. వంద గేదెల పాలు వచ్చే సేకరణ కేంద్రంలో నెలకు ఐదింటికి పొదుగువాపు వచ్చిందనుకున్నా, 24,000 లీటర్లలో పక్కన పెట్టేది 280. వందకు ఒకటికి కాస్త పైన. రైతులు దొంగ చీటీలు తెస్తారన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే కేంద్రంలోనే పరీక్ష చేయవచ్చు: నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు పిండి, ద్రావణం పోసి తిప్పితే, జబ్బు చన్ను పాలు జిగురుగా గడ్డకడతాయి. నిమిషం పని. ఒక్కో ఈతకు ఇన్నిసార్లేనని హద్దు కూడా పెట్టుకోవచ్చు. ఇక మందు పాలు కొనబోమని ఊరికే తిప్పి పంపితే అవి ఏ టీ కొట్టుకో, పట్నంలో వాడుక ఇళ్లకో చేరతాయి. అక్కడ పరీక్షించేవాడే ఉండడు.

వైద్యం చేయాల్సింది ప్రభుత్వమేగా అంటే, నిజమే. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది, రైతు సేవా కేంద్రంలో సహాయకులున్నారు. వాళ్లు జబ్బు నయం చేయగలరు, పాల బిల్లు చెల్లించలేరు. గేదెలు ఎక్కువగా ఈనేది వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా. పొదుగువాపు బెడదా ఈనిన తొలి వారాల్లోనే ఎక్కువ. ఆ ఈతలు మొదలయ్యేలోపే రేపల్లె, బాపట్ల మండలాల్లో కొన్ని పాల కేంద్రాల్లోనైనా ఈ చెల్లింపు మొదలుపెట్టాలి.