గృహధర్మము: ఇరువురు చంకన, ఒకరు కాళ్ళ యొద్ద

ఈ మాసము పసిపిల్లల పెంపకమును గూర్చి, అందును మూడేండ్లు నిండని బిడ్డయు, ఆ వెనుకనే పుట్టిన కవలలును గల యిండ్లను గూర్చి వ్రాయ నెంచితిమి. ఇట్టి గృహములు మన సంఘమున ఇపుడు అరుదు కావు. 1980వ సంవత్సరమున ఈ దేశమున జన్మించిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 19 మంది కవలలుగా పుట్టినవారు. ఇటీవలి సంవత్సరములలో ఆ సంఖ్య 31 దరిదాపునకు వచ్చినది. స్త్రీలు ముప్పది యేండ్లు దాటిన పిమ్మట గర్భము ధరించుటయు, సంతానము కొరకు జరుగు వైద్యమును దీనికి ముఖ్యకారణములని వైద్యులు చెప్పుదురు. కారణమేదైనను, బిడ్డలు భగవత్ప్రసాదమే. అయితే ఆ ప్రసాదము అందుకొన్న తల్లికి చేతులు రెండే. తెరచిన నోళ్ళు మూడు. ఆ సంగతి అట్టి యింట ఒక్క రాత్రి గడపినవారికి తెలియును.

లెక్క చూడుడు. అప్పుడే పుట్టిన శిశువు రేయింబవళ్ళలో 8 మొదలు 12 సార్లు పాలు త్రాగును. కవలలైనచో 16 మొదలు 24 సార్లు. ఒక్కొక్క తడవ పాలిచ్చి, భుజముపై వేసికొని త్రేన్పు వచ్చువరకు తట్టి, తడిబట్ట మార్చి పరుండబెట్టుటకు అరగంట యైనను పట్టును. ఒకరి తరువాత ఒకరికి ఇట్లు చేసినచో తల్లికి నిద్ర యనునది మిగులదు. అందుచేత తెలిసిన తల్లులు ఒకడు లేచినపుడు రెండవవానిని కూడ లేపి పాలిత్తురు. నిద్రించు బిడ్డను లేపరాదని మన పెద్దల మాట. ఒక్క బిడ్డ గల యింటికి అది సరియే. ఎవరికి ఎన్ని గంటలకు పాలిచ్చినదియు గోడపై అంటించిన కాగితమున వ్రాసికొనువారు కలరు. చూచువారికి నవ్వు వచ్చును గాని, తెల్లవారుజామున మూడు గంటలకు "ఇందాక త్రాగినది వీడా, వాడా?" యను సందేహము కలిగినపుడు ఆ కాగితమే శరణ్యము. ఒకే పోలిక గల కవలలలో ఒకని కాలి బొటనవ్రేలి గోటికి రంగు వేసి గుర్తు పెట్టుకొనువారును కలరు. వారిలో పెద్ద యెవరను వాదము మన యిండ్లలో ఉండనే యున్నది. వెనుక పుట్టినవాడే ముందుగా గర్భమున పడినవాడని కొందరు పెద్దలు పట్టుబట్టుదురు. జనన పత్రమున గంటయు నిమిషమును వ్రాసి యిచ్చుచున్నారు గనుక మేము ఆ వాదమున ప్రవేశింపము.

ఇక మూడవ బిడ్డ సంగతి. కవలలను చూడవచ్చినవారందరును నేరుగా ఊయలల కడకే పోవుదురు. తెచ్చినవన్నియు జతలుగా తెత్తురు. రెండేండ్ల పెద్దబిడ్డ తలుపు మూల నిలువబడి చూచుచుండును. అంతవరకు బుద్ధిమంతురాలైన పిల్ల ఆనాటినుండి అన్నము ఉమియుట, రాత్రి పక్క తడుపుట మొదలిడిన, అది పెంకితనము కాదు. దశరథుని యింట నలుగురు శిశువులు ఇంచుమించు ఒకేసారి పెరిగిరి. వారిలో లక్ష్మణ శత్రుఘ్నులు కవలలు. బాలకాండమున వాల్మీకి మహర్షి ఆ యిరువురిని ఒక జంటగా వర్ణింపక, లక్ష్మణుడు రామునకును, శత్రుఘ్నుడు భరతునకును అంటిపెట్టుకొని పెరిగిరని చెప్పెను. లక్ష్మణుడు లేనిదే రామునకు నిద్ర పట్టదు. మృష్టాన్నము తెచ్చినను తినడు. కవలలను కట్టగట్టి ఒకచోట నుంచుటకంటె, ఒకని పాలసీసా పట్టుకొను పని పెద్దబిడ్డకు అప్పగించుట మంచిదని మాకు ఇందువలన తోచుచున్నది. ఆ రాజగృహమున తల్లులు ముగ్గురు, దాసీజనము లెక్కలేనంత అని మా పాఠకురాండ్రు వెంటనే అందురు. నిజమే. కుంతీదేవి స్థితి వేరు. తన ముగ్గురును, మాద్రి కవలలును కలిసి ఐదుగురు బాలకులతో, భర్తను కోల్పోయి హస్తినకు వచ్చినది. పాండవులు అడవికి పోవునాడు ఆమె ద్రౌపదితో ప్రత్యేకముగా సహదేవుని కనిపెట్టుకొని యుండుమని చెప్పినది. కవలలలో చిన్నవాడు అప్పటికి ఎంత పెద్దవాడైనను ఆ తల్లి దృష్టిలో చంటివాడే.

మన యిండ్లలో సహాయము వచ్చు క్రమము అందరికి తెలిసినదే. కాన్పునకు అమ్మమ్మ వచ్చును. సందర్శకుల వీసాపై వచ్చినవారికి సాధారణముగా ఆరు మాసముల గడువు వేయుదురు. ఆమె పోవునప్పటికి నాయనమ్మ వచ్చును. ఆమెకును ఆరు మాసములే. గడువు పొడిగింపునకు దరఖాస్తు పెట్టుకొన వీలున్నను, అక్కడ తాతగారి మందులు, పొలము కౌలు, ఇంకొక కోడలి కాన్పు కనిపెట్టుకొని యుండును. తండ్రికిని తల్లికిని చట్టము ఇచ్చు సెలవు సంగతియు అట్టిదే. 1993వ సంవత్సరపు కుటుంబ వైద్య సెలవు చట్టము ననుసరించి, 50 మందికి తక్కువ కాని ఉద్యోగులు గల సంస్థలలో ఏడాదిపాటు తగినన్ని గంటలు పనిచేసినవారికి 12 వారముల సెలవు కలదు. జీతము ఇయ్యవలెనను నియమము లేదు. బిడ్డ ఒకరైనను ఇరువురైనను వారములు అవే. దానిని బిడ్డ పుట్టిన ఏడాదిలోపల వాడుకొనవలెను. మన తండ్రులలో కొందరు ఈ హక్కు తమకును కలదని తెలిసియు దాని మాట ఎత్తరు. అది తల్లుల వ్యవహార మనుకొందురు కాబోలు.

ఇట్లు అన్ని సహాయములును తొలి యేటనే వచ్చి, తొలి యేటితోనే ముగియును. కవలలు నడక నేర్చునదియు ఇంచుమించు అప్పుడే. నాయనమ్మ పెట్టె కట్టిన వారమునకే ఒకడు మెట్లవైపునకును, ఒకడు స్నానపుగది వైపునకును పరుగిడును. పెద్దది వీధి తలుపు గడియ తీయ నేర్చియుండును. పరుండబెట్టినచోట పరుండియుండు నాడు ఆ యింట నాలుగు చేతులుండెను. మూడు దిక్కులకు పరుగెత్తు నాడు రెండు. భర్త వీసాపై ఆధారపడి వచ్చిన భార్యలలో కొందరికి 2015లో ఉద్యోగానుమతి కల్పింపబడినది. అది లేనివారు అనేకులు. అట్టి తల్లి ప్రొద్దుట ఎనిమిది మొదలు సాయంత్రము ఆరు వరకు మాట తెలిసిన మనిషి ముఖము చూడదు. ఉద్యోగము కల తల్లికి ముగ్గురి శిశుశాల రుసుము కట్టినపిమ్మట మిగులునది స్వల్పము. కవలలు పుట్టినపుడు పులిహోర, పరమాన్నము పంపిన యిండ్లు మన సంఘమున చాల కలవు; అది గొప్ప సంగతి. పదునాలుగవ మాసమున ఎవరును ఏమియు పంపరు.

అమ్మమ్మలకును ఇక్కడి వైద్యులకును వచ్చు తగవులను గూర్చి మమ్ము అడుగువారు కలరు. మా అభిప్రాయము ఇది. నూనె మర్దనము, లాల పోయుట, జోలపాట, వీనికి ఏ వైద్యుడును అడ్డు చెప్పడు. శిశువును వెల్లకిల పరుండబెట్టవలెనను ప్రచారము ఈ దేశమున 1994లో మొదలైన పిమ్మట నిద్రలో హఠాత్తుగా సంభవించు శిశుమరణములు సగము దరిదాపునకు తగ్గినవి. 2022లో శిశువైద్యుల సంఘమువారు కవలలను సైతము వేరువేరు పడకలపై, దిండ్లు దుప్పట్లు లేక, సమతలముగా పరుండబెట్టవలెనని చెప్పిరి. చీర ఉయ్యాలలో ఇరువురిని చేర్చి ఊపుట చూచుటకు ముచ్చటయే గాని, మానవలెను. వసకొమ్ము అరగదీసి నాలుకపై రాచిన మాటలు త్వరగా వచ్చునందురు. ఆ వసనే ఇక్కడి ప్రభుత్వము 1968లో ఆహారమున వాడరాదని నిషేధించినది. దాని తైలము జంతువులకు క్యాన్సరు కలిగించునని తేలుటయే హేతువు. బజారు కాటుకలు కొన్నింటిలో సీసము ఉన్నది. దిష్టి మాట యందురా, ఉప్పు తిప్పి పోసిన చాలును.

తేనె విషయము మన దేవాలయమునకు సంబంధించినది గనుక కొంచెము వివరింతుము. తేనెలో ఒక విధమైన సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. అవి పెద్దలను ఏమియు చేయవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో పెరిగి, కండరములను చచ్చుపరచు విషమును పుట్టించును. అభిషేక పంచామృతమున తేనె కలదు. భక్తితో ఒక్క చుక్కయేనని చంటిబిడ్డ నాలుకకు రాయు తల్లులను, పెద్దలను చూచుచున్నాము. ఏడాది లోపు బిడ్డకు పంచామృతము వలదు. స్వామివారి ఎదుట బిడ్డను చూపి, అక్షతలు వేయించుకొనుడు.

అన్నప్రాశనమునకు మగబిడ్డకు సరిమాసము, ఆడబిడ్డకు బేసిమాసము అని ఆచారము. కవలలలో ఒకరు మగ, ఒకరు ఆడ యైనపుడు ఏమి చేయవలెనని ప్రశ్న. అదియుగాక, కవలలలో సగమునకు పైగా 37 వారములు నిండకయే పుట్టుదురు. అట్టివారి వయస్సును వైద్యులు నిండు నెలలకు పుట్టవలసిన తేదీనుండి లెక్కించి, మెడ నిలుపుట, కూర్చుండుట మొదలగువానిని ఆ లెక్కను బట్టి చూతురు. ముహూర్తము నాడు పాయసమును పెదవికి తాకించుట ఒక కర్మ. బిడ్డకు అన్నము అలవాటు చేయుట వేరొక పని. మొదటిది పురోహితుని అడిగి ఇరువురికి ఒకే దినమున జరిపింపుడు. ఒక్క ముహూర్తమునకు ఇద్దరు బంధువుల విమానపు ఖర్చు చాలును. రెండవది వైద్యుని అడిగి చేయుడు. మాటలు ఆలస్యమైనచో, "ఇంట తెలుగు మాట్లాడుటచేత" నను నింద నమ్మవలదు. రెండు భాషలు వినుట చేత మాటలు ఆగవు. కవలలు సామాన్యముగా కొంత ఆలస్యముగానే మాట్లాడుదురు. ఒక్కొక్కనికి వేరుగా, పేరు పెట్టి పిలిచి మాటలాడుచు రావలెను. సందేహమున్న, మూడేండ్లలోపు బిడ్డలను పరీక్షించు ఏర్పాటు 1986వ సంవత్సరపు శాసనము ననుసరించి అన్ని రాష్ట్రములలో కలదు. మన లూసియానాలో దాని పేరు ఎర్లీ స్టెప్స్. పరీక్షకు రుసుము లేదు.

మనము కాపురముండు ఈ నేల చెరకు తోటల నేల. నదీతీరమున ఆ తోటల పాతభవనములను మన పిల్లలకు చూపుటకు తీసికొనిపోవుదుము. ఆ కాలమున బానిసలైన తల్లులు పొలమునకు పోగా, పని చేయలేని వృద్ధస్త్రీలు పసివారినందరిని ఒకచోట చేర్చి చూచుచుండిరి. కొందరు తల్లులు తమ బిడ్డలను విడిచి యజమానుల బిడ్డలకు పాలిచ్చిరి. మేరీలాండు రాష్ట్రమున అమ్మమ్మ చేతిలో పెరిగిన ఫ్రెడరిక్ డగ్లసు 1845లో వ్రాసిన స్వీయచరిత్రలో, తన తల్లి పగలంతయు పొలమున పనిచేసి, రాత్రి పండ్రెండు మైళ్ళు నడచి వచ్చి తన ప్రక్కన పరుండి, తెల్లవారకముందే వెడలిపోయెడిదని చెప్పెను. మలయా రబ్బరు తోటలకు పోయిన మన తెలుగు స్త్రీలును చంటిబిడ్డలను తోటలోని శిశుశాలలో ఆయాకు అప్పగించి పాలు గీయ పోయెడివారు. ఆ తల్లులు పడినదానిని మన కష్టముతో పోల్చుట లేదు. ఇంత నిర్బంధములో సైతము ఎవరో ఒక ముసలమ్మ చేయి ఆ బిడ్డలకు దొరకినది. మన సంఘమున పని మానిన తాతలు, అమ్మమ్మలు, మనుమలు దూరపు చదువులకు పోయి ఒంటరిగా నున్నవారు ఎందరో కలరు. ఈ యిండ్లకును ఆ యిండ్లకును పది నిమిషముల కారు ప్రయాణము.

ఏమి చేయవలెనని అడుగుదురేమో. గొప్ప పనులు కావు. ఆదివారము దేవాలయమునకు ముగ్గురితో వచ్చిన తల్లి కారు ఆపుచోటు చూడుడు. ఒకనిని దించి ఎత్తుకొనిన రెండవవాడు కారులో నుండును. వానిని దించు లోపల పెద్దది వాహనముల నడుమకు పరుగిడును. ఇక్కడి వేసవిలో మూసిన కారున బిడ్డను ఒక్క నిమిషము విడువరాదు. అందుచేత కొందరు తల్లులు రెండేండ్లపాటు దేవాలయమునకే రారు. భక్తి లేక కాదు. ద్వారము కడ నిలిచి పలుకరించువారు పది అడుగులు ముందుకు నడచి, కారు తలుపు కడ చేయి అందించిన చాలును. లోపల బిడ్డ ఏడ్చినపుడు వెనుదిరిగి చూడకుండుట కూడ సహాయమే.

వారమున ఒకనాడు ఒక యింటికి పోయి రెండు గంటలు కూర్చుండగల పెద్దలు కార్యాలయమున పేరు ఇచ్చిన, కవలలు ఏడాది దాటిన యిండ్ల తల్లులతో మేము మాటలాడి కుదుర్తుము. వంట వలదు, మిఠాయి వలదు. జలుబు, దగ్గు ఉన్ననాడు రావలదు. ప్రొద్దుట పదిగంటలకు పోవుట మేలు. ఆ వేళకు కవలలు ఇరువురు నిద్రపోవుదురు, పెద్దబిడ్డ నిద్రపోదు. ఆ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని కథ చెప్పుడు. తల్లిని స్నానమునకు పోనిండు.